చదువురాని తాతయ్య అన్నది కట్టుమాట

కైవారం తాతయ్య గురించి వేదికెక్కి మాట్లాడేవాళ్లలో ఎక్కువమంది ఒకే తీరులో మొదలుపెడతారు. ఓనమాలు రాని గాజుల వ్యాపారి, లోకం తెలియని అమాయకుడు, ఇంట్లో పోరు పడలేక కొండ గుహలో చేరాడు, గురువు ఇచ్చిన గులకరాయి నోట్లో వేసుకుని అష్టాక్షరి జపించాడు, రాయి కలకండ అయింది, ఆ క్షణం నుంచి కవిత్వం దానంతటదే పొంగింది. కరపత్రాల్లో ఇదే కథ, వీడియోల్లో ఇదే కథ. చివర్లో కాలజ్ఞానం ఊసెత్తి, రాబోయే కాలంలో ఏం జరుగుతుందో తాతయ్య ముందే చెప్పేశాడని చప్పట్లు కొట్టించుకుని దిగిపోతారు.

ఈ కథనం తప్పు. భక్తితో చెప్పినా తప్పే, చులకనతో చెప్పినా తప్పే. మహిమ పెద్దదిగా కనబడాలని భక్తుడు తాతయ్య చదువును చెరిపేస్తాడు. గాజులమ్మేవాడికి శాస్త్రమెక్కడిదని పండితుడు అదే పని చేస్తాడు. ఇద్దరూ కలిసి ఆ మనిషి చుట్టూ ఉన్న ఊరిని, భాషను, గురువులను, వాదాలను తుడిచేశారు. మిగిలింది ఒక గుహ, ఒక గులకరాయి.

ముందు తాతయ్య ఎవరో తెలియని పాఠకులకోసం రెండు ముక్కలు. నారాయణప్ప, యోగి నారేయణ యతీంద్రులు, తాతయ్య: ఈ మూడు పేర్లూ ఒకరివే. ఊరు కైవారం. కర్ణాటకలోని చింతామణి తాలూకాలో ఉంది. 2007లో చిక్కబళ్లాపురం జిల్లా విడిపోయేదాకా ఇది కోలారు జిల్లాలోని ఊరే. తల్లిదండ్రులు ముద్దమ్మ, కొండప్ప. బలిజ కుటుంబం, ఇలవేల్పు ఆ ఊరి అమరనారాయణస్వామి. 1726లో పుట్టి 1836లో సజీవ సమాధి అయ్యారని, అంటే నూటపదేళ్లు బతికారని మఠ సంప్రదాయం లెక్క. తెలుగులోనూ కన్నడంలోనూ కీర్తనలు, శతక పద్యాలు, కాలజ్ఞానం చెప్పారు. ఇవాళ కైవారంలో గురుపూర్ణిమకు 72 గంటలు ఆగకుండా సంగీతం సాగుతుంది. మఠాన్ని ఈ స్థాయికి తెచ్చినవాళ్లలో బెంగళూరు విద్యాసంస్థల వ్యవస్థాపకుడు ఎం.ఎస్. రామయ్య ముఖ్యులు. ఆ గౌరవం నిండుగా అందాల్సిందే. నా అభ్యంతరం ఆ గౌరవంతో పాటు అంటించే "చదువురాని" అనే విశేషణంతో.

శతకం చెప్పడమంటే ఏమిటో తెలుగువాళ్లకు విడమరచి చెప్పనక్కర్లేదు. మకుటం తప్పకూడదు, యతి తప్పకూడదు, ప్రాస నియమం ఉన్న పద్యమైతే ప్రాస తప్పకూడదు. ఒకటి రెండు పద్యాలు వినికిడి మీద ఎవరైనా అల్లుతారు. వరసగా అల్లుకుపోవాలంటే చెవిలో ఛందస్సు ఇంకిపోయి ఉండాలి. చెవిలో ఇంకాలంటే నలుగురూ పద్యం చదివే చోట పెరిగి ఉండాలి. ఇక కీర్తనల్లో సరుకు చూడండి. నాదం, తారకం, ఇడ, పింగళ, సుషుమ్న, ఆధారం మొదలు పైదాకా చక్రాలు. "నాదబ్రహ్మానంద" అన్న ముద్ర పెట్టుకున్న కవి ఆయన. నాదానుసంధానం హఠయోగప్రదీపిక నాలుగో ఉపదేశంలో విస్తారంగా చెప్పిన సాధన. ఆ శాస్త్రం ఆయన తాళపత్రంలో చదివాడా, గులకరాయి ఇచ్చిన పరదేశి గురువు నోట విన్నాడా అన్నది వేరే సంగతి. విన్నా అది చదువే. మన దేశంలో వేదమే వినికిడిగా వచ్చింది. దాన్ని వల్లించినవాణ్ణి విద్వాంసుడంటాం, గాజుల వ్యాపారి యోగశాస్త్రం విని ఆకళించుకుంటే నిరక్షరాస్యుడంటాం. ఈ రెండు కొలబద్దలు ఎందుకు?

అసలు ఆ కాలంలో వర్తకుల పిల్లలకు బడి లేదని ఎవరు చెప్పారు? 1823లో బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ తన జిల్లా బళ్ల మీద మద్రాసుకు ఒక నివేదిక పంపాడు. 533 బళ్లు, 6,641 మంది పిల్లలు. అందులో కన్నడం చెప్పే బళ్లు 235, తెలుగు చెప్పే బళ్లు 226. ఇసకలో అక్షరాలు దిద్దించడం దగ్గర్నుంచి పిల్లలు వల్లెవేసే పుస్తకాల దాకా అందులో రాశాడు. చేతిపనుల కులాల పిల్లలు విశ్వకర్మ పురాణం లాంటివి చదువుతారని, లింగాయతుల పిల్లలు బసవపురాణం చదువుతారని ప్రత్యేకంగా పేర్కొన్నాడు. బళ్లారి కోలారు కాదు, నిజమే. కానీ రెండూ తెలుగు, కన్నడాలు కలిసి నడిచిన సీమలే, రెండూ ఒకే రకం పాళేగార్ల కింద, ఒకే రకం యుద్ధాల కింద నలిగినవే. తాతయ్య ఇంకా బతికి ఉన్నారని సంప్రదాయం చెప్పే ఏడాదిలో రాసిన నివేదిక ఇది. అందులో వర్తకుల, పనివాళ్ల పిల్లలు పుస్తకం పట్టుకుని కనిపిస్తున్నారు.

గాజుల వ్యాపారం సంగతి కూడా తేల్చుకుందాం. దాన్ని తెలివితక్కువవాడి పనిగా చూపించేవాళ్లు ఆ పనిని ఎన్నడూ దగ్గరగా చూడలేదు. భుజాన గాజుల మలారం. ఊరి మొదట్లో కేక. అరుగు మీద కూర్చుని ఆడమనిషి చెయ్యి పట్టుకుని, వేళ్లను దగ్గరికి అదిమి, బొటనవేలి మొదట్లో ఎముక దగ్గర ఒక్క క్షణం ఆగి, చెయ్యి నొక్కుకుపోకుండా, గాజు చిట్లకుండా లోపలికి తొయ్యాలి. చెయ్యి చూడగానే కొలత తెలియాలి. పెళ్లికి ఏ రంగు, సీమంతానికి ఏ రంగు తెలియాలి. ఎవరింట డబ్బు, ఎవరింట గింజలు, ఎవరింట పంటకు వాయిదా అన్నది గుర్తుండాలి. గాజులు తొడిగించుకున్నాక మలారానికి దణ్ణం పెట్టే ఆచారం చాలా ఊళ్లలో ఉండేది. ఎన్నో కులాల లోగిళ్లలోకి పిలుపు అందుకునే మగవాడు గాజులవాడు. పొలం రైతును ఒకచోట కట్టేస్తుంది, గుడి పూజారిని కట్టేస్తుంది. గాజులవాడు నడుస్తూనే ఉంటాడు. సంతలూ జాతరలూ తిరుగుతాడు, రెండు భాషలు మాట్లాడతాడు, ఊరూరా భజనలు వింటాడు. ఒక సీమ మాట, పాట, బాధ అన్నీ చెవిన పడే వృత్తి ఇది. తాతయ్యకు లాభం తీయడం చేతకాలేదని కథ చెబుతుంది. లాభం తీయలేకపోవడం వేరు, లోకం తెలియకపోవడం వేరు. ఆయన పాటల్లో లోకం మీద ఉన్న కోపం, జాలి లోకాన్ని ఇంటింటా చూసినవాడివి.

మరి ఆయన నడిచిన ఆ సీమలో ఏముంది? ఏమీ లేదన్నట్టు మాట్లాడతారు కనుక చెప్పాలి. కైవారానికి ఆగ్నేయంగా ముళబాగిలు. పదిహేనో శతాబ్దంలో కన్నడంలో దేవరనామాలు పాడి హరిదాస సాహిత్యానికి దారి వేసిన శ్రీపాదరాజుల మఠం అక్కడే ఉంది. ఆ పక్కనే ఆవణి, అక్కడ శృంగేరి శాఖా మఠం. చింతామణి తాలూకాలోనే మురుగమల్ల దర్గా, ఇవాళ్టికీ హిందువులూ ముస్లిములూ కలిసి మొక్కుకునే చోటు. ఈశాన్యంగా పోతే మదనపల్లె, అది దాటితే తరిగొండ. అక్కడ వెంగమాంబ, తాతయ్యకు సమకాలికురాలు. మదనపల్లెలోని రూపావతారం సుబ్రహ్మణ్యశాస్త్రి దగ్గర ఉపదేశం పొంది రాజయోగసారం రాసింది. ఆమె గురించి కూడా ఇదే కథ నడుస్తుంది: అక్షరం రాని బాలవితంతువు, దేవుడే పలికించాడు అని. గురువు పేరు అందరికీ తెలిసి కూడా ఈ మాట చెబుతూనే ఉంటారు. ఇంకా ఉత్తరాన కడప సీమలో పోతులూరి వీరబ్రహ్మం కాలజ్ఞానం, తత్వాలు. ఆయన శిష్యుడు దూదేకుల సిద్ధయ్య. కన్నడ దేశంలో అంతకుముందే కొడేకల్ బసవణ్ణ కాలజ్ఞానం ఉంది. తాతయ్య వీళ్లందరినీ కలిశాడని నేననడం లేదు. ఇంతమంది పాడిన గాలి పీల్చినవాడిని ఒంటరి గుహవాసిగా చూపించవద్దంటున్నాను.

ఈ లెక్కలో ఇంకొకరు కూడా ఉన్నారు. వాళ్ల మాట ఎత్తగానే చాలామంది ఆశ్చర్యపోతారు. కోలారు సీమకు క్రైస్తవం బంగారు గనులతో, ఇంగ్లీషు దొరలతో వచ్చిందని ఒక ఖాయమైన నమ్మకం ఉంది. అది కూడా తప్పే. గనుల్లో జాన్ టేలర్ కంపెనీ అడుగుపెట్టింది 1880లో. దానికి దాదాపు నూటయాభై ఏళ్ల ముందే, నారాయణప్ప పిల్లవాడిగా ఉన్న రోజుల్లోనే, పక్కనున్న బళ్లాపురంలో ఫ్రెంచి జెసూటు పాదిరి జాన్ కాల్మెట్ ఉన్నాడు. కాషాయం కట్టి, మాంసం మానేసి, సన్యాసుల్లా బతికిన కర్ణాటక మిషన్ పాదిరీలలో ఒకడు. పుంగనూరు, కృష్ణాపురం, బళ్లాపురం వాళ్ల మకాములు. వాళ్ల మిషన్ నడిచింది తెలుగులో. కాల్మెట్ సంస్కృతం నేర్చి, 1730ల్లో వేద ప్రతులు సంపాదించి పారిస్ రాజగ్రంథాలయానికి పంపించాడు. అంటే యూరప్ పండితులు వేదాన్ని పుస్తకంగా చేతపట్టడానికి ఒక దారి ఈ కోలారు సీమ మీదుగా పోయింది. అదే శతాబ్దంలో మంగళగిరి ఆనందకవి క్రీస్తు కథను తెలుగు ప్రబంధంగా మలచి వేదాంతరసాయనం అని పేరుపెట్టాడు. శైవులు, వైష్ణవులు, మాధ్వులు, సూఫీలు, యోగులు, రోమన్ సన్యాసులు ఒకే బాటల మీద తిరుగుతూ పరమాత్మ గురించి వాదించుకున్న సీమ ఇది. ఆ సీమలో చదువుకోని మూల ఏదైనా ఉంటే అది మన చరిత్ర పుస్తకాల్లోనే ఉంది.

క్రైస్తవ మార్మికుల చరిత్రలో కూడా సరిగ్గా ఇలాంటి చదువురానివాడి కట్టుకథ ఒకటి పుట్టింది, తర్వాతి పరిశోధకులు దాన్ని దిద్దారు. జర్మనీలో యాకోబ్ బోమె, 1575లో పుట్టి 1624లో పోయాడు. గోర్లిట్జ్ పట్నంలో చెప్పులు కుట్టేవాడు. 1600లో తళతళలాడే ఒక తగరపు పాత్ర మీద వెలుగు పడి, ఆ వెలుగులో సృష్టి రహస్యం కనిపించిందని అతని అభిమాని, జీవితకథ రాసిన ఫ్రాంకెన్‌బర్గ్ చెప్పాడు. ఏమీ తెలియని చెప్పులవాడికి దేవుడు చూపించాడన్న మాట అక్కణ్ణుంచి యూరప్ అంతా పాకింది.

గోర్లిట్జ్ ఎలాంటి ఊరో చూస్తే ఆ మాట నిలబడదు. అది నేతబట్టల వ్యాపారంతో బలిసిన పట్నం, పెద్ద వర్తక రహదారి మీద ఉంది. జర్మన్ మాట్లాడేవాళ్లతో పాటు సోర్బు భాష మాట్లాడేవాళ్లు ఉన్న సరిహద్దు సీమ. ఊరి పెద్ద స్కుల్తేటుస్ ఖగోళశాస్త్రం తెలిసిన గణితజ్ఞుడు. వైద్యులు పారాసెల్సస్ రసవాద గ్రంథాలు చదువుకునేవాళ్లు. బోమె 1612లో మొదటి పుస్తకం రాస్తే కార్ల్ ఎండర్ అనే జమీందారు దానికి నకళ్లు తీయించాడు. ఊరి పాదిరి గ్రెగర్ రిక్టర్ 1613లో వేదికెక్కి తిట్టాడు, పట్టణ సభ ఇక రాయవద్దని కట్టడి చేసింది. ఆ ఏడాదే బోమె చెప్పుల దుకాణం అమ్మేసి భార్య కాతరీనాతో కలిసి నూలు వ్యాపారంలోకి దిగాడు. సరుకుతో ఊళ్లు తిరిగాడు, తిరిగినచోటల్లా మిత్రులు దొరికారు. తూర్పు దేశాలు తిరిగొచ్చిన వైద్యుడు బాల్తజార్ వాల్టర్ ఆత్మ గురించి నలభై ప్రశ్నలు వేస్తే వాటికి జవాబుగానే బోమె ఒక పుస్తకం రాశాడు. ఇన్ని చేతులు ఆ చింతన వెనక ఉన్నాయి. ఈ సంగతులు బయటపడ్డాక బోమె చిన్నవాడైపోలేదు. అతని పుస్తకాలను మునుపటికన్నా శ్రద్ధగా చదువుతున్నారు. తాతయ్యకు ఆ న్యాయం ఎందుకు దక్కకూడదు?

గులకరాయి కలకండ అయిన కథను కొట్టిపారెయ్యమని నేను చెప్పను. కానీ ఆ కథకూ ఒక నేల ఉంది. 1800లో ఈ దారిలో ప్రయాణించిన ఫ్రాన్సిస్ బుకానన్ చిక్కబళ్లాపురంలో తయారయ్యే కలకండ గురించి, మేలిరకం చక్కెర గురించి ప్రత్యేకించి రాశాడు. ఆ రోజుల్లోనే ఈ సీమవాళ్లు కలకండ కాచేవాళ్లు. రాయిలా కనబడే కలకండను, కలకండలా కనబడే రాయిని పక్కపక్కన చూసిన జనం అల్లుకున్న కథ అది. తాతయ్య గుహలో చేశారని చెప్పే మూడేళ్ల సాధనకు ఆ జనం ఇచ్చిన రూపం అది. మహిమను అలా చదివితే ఆ జనం కనిపిస్తారు. "చదువురానివాడికి దేవుడు చేసిన అద్భుతం" అని చదివితే ఎవరూ కనిపించరు.

కాలజ్ఞానం దగ్గర జరుగుతున్న అన్యాయం ఇంకా పెద్దది. దాన్ని జోస్యాల చిట్టాగా మార్చేశారు. ఎక్కడ ఏ వింత జరిగినా "తాతయ్య అప్పుడే చెప్పాడు" అనడం అలవాటైంది. తాతయ్య బతికిన నూరేళ్లలో కోలారు సీమ ఏం చూసిందో ఒక్కసారి తలుచుకోండి. సిరా సుబా కింద కోలారు ఫౌజుదారుగా ఉన్న ఫతే మహమ్మద్, అతని కొడుకు, బూదికోటలో పుట్టిన హైదరాలీ. చుట్టూ పాళేగార్ల తగవులు. 1768లో కోలారు ఇంగ్లీషువాళ్ల చేతికి, 1770లో మరాఠాల చేతికి, మళ్లీ హైదరు చేతికి. 1791లో కార్న్‌వాలిస్ సైన్యం కోలారు మీదుగానే బెంగళూరు మీదికి పోయింది, ఆ ఏడాదే నందిదుర్గం పడింది. 1799లో టిప్పు పోయాడు. ఇన్ని సైన్యాల మేతకు గడ్డి, గింజలు, ఎద్దులు ఇచ్చింది ఈ ఊళ్లే. ధర్మం తలకిందులైంది, ఏలేవాడు దోచేవాడయ్యాడు, కులం గొప్పదని విర్రవీగేవాడు గుణంలో పతనమయ్యాడు అని ఒక కవి పాడితే అది రేపటి వార్త కాదు. కళ్లెదుట జరుగుతున్నదాన్ని కాలజ్ఞానం అనే పాత సాహిత్యరూపంలో పెట్టి చెప్పిన తీర్పు అది. వీరబ్రహ్మం చేసిందీ, కొడేకల్ బసవణ్ణ చేసిందీ అదే. ఏలేవాడి ముఖం మీద అనలేని మాటను భవిష్యత్తు పేరుతో అనడానికి ఆ రూపం పనికొచ్చింది. ఆ ధైర్యాన్ని వదిలేసి జోస్యాన్ని పట్టుకోవడం ఆ కవిని అవమానించడమే.

తాతయ్య ఇంటావిడ సంగతి కూడా అనాల్సిందే. ప్రతి కథలోనూ ఆమె గయ్యాళి. బేరం కుదరక వట్టి చేతులతో వచ్చే మనిషి ఇంట్లో, పిల్లలతో, గింజలు లేని గాదెతో, దారిన పోయే ప్రతి సైన్యానికీ భయపడుతూ సంసారం ఈదింది ఆవిడ. ఆమె కోపం వెనక ఉన్నది ఆ కాలపు కరువు, యుద్ధం. బోమె భార్య నూలు అమ్మి ఇల్లు నిలబెట్టిందని అక్కడి చరిత్రకారులు గౌరవంగా రాస్తారు. మనవాళ్లు తాతయ్య ఇల్లాలికి గయ్యాళి వేషం వేసి వదిలేశారు. ఆమెను అలా తిట్టుకుంటూ తాతయ్యకు హారతి పట్టడం ఆపాలి.

"భక్తికి చదువెందుకండీ?" అని ఒకాయన లేచి అడుగుతాడు, ప్రతి సభలోనూ అడుగుతాడు. భక్తికి చదువు అక్కర్లేదు, ఒప్పుకుంటాను. అజ్ఞానం కూడా అక్కర్లేదు. తాతయ్య చెప్పిన రాజయోగం గుడ్డి నమ్మకం కాదు. గురువు దగ్గర కూర్చుని నేర్చి, ఒంటి మీద పరీక్షించి, పాటలో పెట్టి నలుగురికీ అప్పజెప్పిన విద్య. దాన్ని విద్య అని ఒప్పుకుంటే, ఆ విద్య ఒక బలిజ ఇంట్లో, ఒక వర్తకుడి మలారం పక్కన పెరిగిందని ఒప్పుకోవాలి. జ్ఞానం అగ్రహారాల సొత్తు అనుకునేవాళ్లకు మింగుడుపడనిది అదే. అందుకే "దేవుడు పలికించాడు" అనే మాట వాళ్లకు సుఖంగా ఉంటుంది. ఆ సుఖాన్ని తాతయ్య సొంత భక్తులే వాళ్లకు అందించడం నాకు బాధ.

కోలారు అంటే ఇవాళ బయటివాళ్లకు బంగారం, కేజీఎఫ్ సినిమా. 1802లో లెఫ్టినెంట్ జాన్ వారెన్ మారికుప్పం, ఊరిగాం దగ్గర మట్టి కడిగి బంగారం తీస్తున్న ఊరివాళ్లను చూసి రాసిన నివేదికతో ఈ జిల్లా కథ మొదలైందన్నట్టు చెబుతారు. 2001లో గనులు మూతపడటంతో ముగిసిందన్నట్టు చెబుతారు. వారెన్ వచ్చేనాటికి కైవారంలో ఒక తెలుగు కవి ముసలివాడై, శిష్యులకు నాదయోగం చెబుతున్నాడు. ఆ తర్వాత గనుల్లోకి దిగి బతికిన చిత్తూరు సీమ తెలుగు కూలీల ఇళ్లలోకి ఇలాంటి తత్వాలే, ఇలాంటి భజనలే వెళ్లాయి. రాబర్ట్‌సన్‌పేట, ఆండర్సన్‌పేట వీధుల చరిత్ర రాసేవాళ్లు ఔన్సుల లెక్కతో పాటు ఈ లెక్క కూడా రాయాలి.

వేదికలెక్కే పెద్దలకు నా మనవి ఇది. రాబోయే గురుపూర్ణిమకు "చదువురాని" అన్న మాట మానేయండి. మహిమలు చెప్పే సమయంలో సగం తీసి ఒక్క కీర్తన పూర్తిగా చదివి, దాని యోగపరిభాష విడమరచి చెప్పండి. చింతామణి, శ్రీనివాసపురం, ముళబాగిలు, మదనపల్లె వైపు పాత భజన మేళాల ఇళ్లలో తాతయ్య పాటలు రాసుకున్న నోటుపుస్తకాలు, తాటాకులు ఉంటే చెదలు పట్టకముందే వాటికి నకళ్లు తీయించండి. ఒకే పాటను రెండు ఊళ్లలో రెండు రకాలుగా పాడుతుంటే రెండూ రాసిపెట్టండి. మీ ఇంట్లో అలాంటి పుస్తకం ఉంటే, ఇది చదివాక ఈ వారంలోనే దాన్ని బయటికి తీయండి.